బడి సంచి బరువు

సంచి సర్దడమంటే ఏముంది, గుడ్డలు కుక్కి జిప్పు లాగడమేగా అనుకునేవాళ్ళు మంజులత అత్తగారిని చూసి ఉండరు. జయలక్ష్మమ్మ చేతికి తక్కెడ అక్కర్లేదు. ధర్మవరంలో నేత ఇంట పుట్టి, నేత ఇంటే మెట్టి, సావుకారు తూచి ఇచ్చిన పట్టును అరచేతిలో రెండుసార్లు ఎగరేసి "తక్కువుండాది సామీ, మళ్ళా తూకం వెయ్" అని నిలదీసిన మనిషి. అక్కడ పట్టు తూకంతో వస్తుంది, చీరయ్యాక తూకంతోనే పోతుంది. మధ్యలో ఏమాత్రం తగ్గినా దొంగతనం నేతగాడి నెత్తిన పడుతుంది. అందుకని ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతులు అలా తయారవుతాయి. అంతవరకూ మెచ్చుకోవలసిందే. ఆ చెయ్యి రోజూ పొద్దున వాకిట్లో మనవరాలి బడి సంచిని కూడా ఎత్తి చూసేది. చిక్కంతా అక్కడే.

మంజులత ఆ ఇంటికి రెండో కోడలు. అంటే రెండో కొడుకు పెళ్ళాం కాదు, ఉన్న ఒక్క కొడుకు శివప్రసాద్‌కు రెండో పెళ్ళాం. మొదటామె పేరు సంగీత. ఆమె ఒకనాడు మూట కట్టుకుని గడప దాటబోతే జయలక్ష్మమ్మే అడ్డం నిలబడి కొడుకును కేకేసింది. ఆ ఏడాది తిరక్కముందే సంగీత ఒళ్ళు కాలి చచ్చిపోయింది. స్టవ్వు పేలిందన్నారు. ఆ స్టవ్వు ఇప్పటికీ వంటింట్లో నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. మంజులత దాని మీదే అన్నం వండుతుంది. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, నోరు తెరిచి అన్నవాళ్ళూ లేరు.

సంగీత వదిలిపోయిన పిల్ల పవిత్ర. మంజులత కాపురానికి వచ్చేసరికి అది ఇంకా మాటలు కూడబలుక్కుంటోంది. కొత్తామె ఎవరో కూడా అడక్కుండా వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఆ తర్వాత మంజులత కడుపు పండలేదు, దానికి అత్తగారు సాధించని రోజు లేదు, కానీ మంజులతకు మాత్రం ఆ లోటు ఎన్నడూ తెలియలేదు. పవిత్ర తన కూతురే. కన్నదా పెంచిందా అన్నది ఊళ్ళోవాళ్ళకు పొద్దుపోవడానికి పనికొచ్చే ప్రశ్న.

శివప్రసాద్ తాగి కొట్టేవాడు కాదు. ఆయన గురించి చెప్పుకోదగ్గ విశేషం అదొక్కటే. తాగకుండానే కొట్టేవాడు. పోగు తెగితే కొట్టేవాడు, అంచు వంకరపోతే కొట్టేవాడు, అన్నీ సరిగ్గా ఉంటే ఏదో దాస్తోందని కొట్టేవాడు. రెండుసార్లు మంజులత పెనుకొండలో ఉన్న అన్న శ్రీనివాసులు ఇంటికి పారిపోయింది. రెండుసార్లూ ఆ అన్న పెళ్ళాం చేత కాఫీ ఇప్పించి, "ఆడదానికి ఓర్పుండాలమ్మా" అని బుద్ధి చెప్పి, స్వయంగా వెంట తీసుకొచ్చి బావ చేతిలో పెట్టి వెళ్ళాడు. మూడోసారి పోవడానికి ఇంక ఆమెకు ముఖం లేదు, ఓపికా లేదు. భరించింది.

ఆ సంవత్సరం, 2001లో, ఉగాది వెళ్ళాక ఒక సాయంత్రం శివప్రసాద్ అన్నం తింటూ చెప్పాడు. "పరీచ్చలు అయిపోతానే పిల్లకు బడి మాన్పిస్తా. నాలుగు చదివింది చాల్లే. మగ్గం కాడ కూచుంటాది."

"బడికి పోతా నాయనా," అంది పవిత్ర.

ఆ ఒక్క మాటకే పిల్ల చెంప పగిలింది. కింద పడి లేచిన పిల్ల ఏడవలేదు. నోరు మూసుకుని, తల వంచుకుని, మళ్ళీ కంచం ముందు కూర్చుంది. మంజులత అది చూసింది. దెబ్బ తిని అలా కూర్చోవడం తన పద్ధతి. పిల్ల తనను చూసే నేర్చుకుంది. తనకేమైనా కానీ, ఈ పిల్లను ఇక్కణ్ణించి తప్పించాలని ఆ క్షణంలో అనుకుంది.

దారి లేకపోలేదు. చిన్నమ్మ గోవిందమ్మ హిందూపురంలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ధర్మవరంలో ఒక పెళ్ళికి వచ్చినప్పుడు చెయ్యి కడుక్కునే చోట మంజులతను పక్కకు లాగి, "పిల్లను పిల్చుకోని నా కాడికి వచ్చేయ్. ఆ హాస్టల్లోనే చేర్పిస్తా. నీకూ వంటింట్లో పని చూపిస్తా. మీ యన్న మాట విని పెనుకొండలో మాత్రం దిగొద్దు" అని చెప్పి పోయింది. హిందూపురం ఏమంత దూరం, బెంగుళూరు ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ తర్వాత అదే. దూరమల్లా మగ్గం నుంచి వాకిటి దాకానే.

మామూలు రోజుల్లో మంజులత మగ్గం వదిలే వీల్లేదు. పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. నేసేవాడు ఒకవైపు కూర్చుంటే, అవతలి అంచుకు దారం కండె ఉన్న నాడె విసిరే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి మంజులత. ఆమె లేస్తే మగ్గం చప్పుడు ఆగుతుంది, చప్పుడు ఆగితే వీధంతా చెవులు నిక్కిస్తుంది. పిల్లను బడికి దింపే పని అత్తగారిది. కానీ ఒక పడుగు నిలువు పోగులన్నీ అయిపోయి ఇంకో పడుగు ఎక్కించే రోజు మాత్రం అంతా తిరగబడుతుంది. ఆ రోజు నేత ఉండదు. శివప్రసాద్ మగ్గం గుంతలో దిగి కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతుకుతూ కూర్చుంటాడు. వేలకు వేల పోగులు. మధ్యలో లేస్తే చిక్కుపడతాయని మూత్రానికి కూడా లేవడు. పోగులు అందించడానికి పెళ్ళాన్ని నమ్మడు, తల్లే కావాలి. ఆ ఒక్కరోజు పిల్లను బడికి తీసుకుపోయేది మంజులత. ఈసారి తప్పిపోతే మళ్ళీ ఆ రోజు వచ్చేసరికి బడి ఉండదు, బడి సంచీ ఉండదు, బయటికి అడుగు పెట్టడానికి సాకూ ఉండదు. ఇదే ఆఖరు.

ఇక మిగిలింది సంచి. చేతిలో మూట కనబడితే పని అయిపోయినట్టే, సంగీత సంగతి తెలుసు కదా. ఏం తీసుకెళ్ళినా పిల్ల బడి సంచిలోనే పట్టాలి. వీపుకు తగిలించుకునే నీలం రెక్సిన్ సంచి, దాంట్లో ఎంత పడుతుందని? ఒంటిపూట బడి నుంచి పిల్ల వచ్చాక, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, శివప్రసాద్ సావుకారు అంగడికి పోయినప్పుడు, మంజులత సర్ది చూసేది. మడత పెడితే గౌన్లు ఉబ్బుతున్నాయి. పడుగును మగ్గం దోనె కర్రకు చుట్టినట్టు బిర్రుగా, గాలి లేకుండా చుట్టి దారంతో కట్టింది. చుట్టల మధ్య సందుల్లో పిల్ల లోపలి బట్టలు కూరింది. దువ్వెన విరిచి సగం పెట్టింది. సబ్బు కోసి ముక్క పెట్టింది. తన బట్టలు ఒక్కటీ పెట్టలేదు. తను ఒంటి మీద రెండు చీరలు కట్టుకుంటే సరిపోతుంది. పైన ఒక తెలుగు వాచకం, జిప్పు తీసినా అదే కనబడుతుంది.

అంతా పట్టింది. పట్టాక సంచిని ఎత్తి చూసి నీరుగారిపోయింది. మరీ తేలిక! పుస్తకాలున్న సంచికీ దీనికీ పోలికే లేదు. బస్సెక్కేవాళ్ళెవరైనా అంత తేలిగ్గా సర్దినందుకు సంబరపడతారు. జయలక్ష్మమ్మ చెయ్యి మాత్రం ఇట్టే పట్టేస్తుంది. అప్పుడు తన అంచు నాడె, అరిగిపోయిన పాత ఇనుప తాళం, ఒక సానరాయి అడుగున పెట్టి, కుడిచేత్తో పుస్తకాల కట్ట, ఎడమచేత్తో ఈ సామాను పట్టుకుని, తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి రెండు చేతులకూ తేడా తెలియనంతగా కుదిర్చింది. ఆమె చేతులూ ఆ ఇంట్లోనే తయారయ్యాయి కదా. ఆ రోజు ఎన్నడూ లేనంత హాయిగా అనిపించింది ఆమెకు.

పడుగు ఎక్కించే రోజు వచ్చింది. శివప్రసాద్ పొద్దున్నే స్నానం చేసి, మగ్గానికి ఊదుకడ్డీలు వెలిగించి, గుంతలో దిగాడు. మంజులత రెండు చీరలు కట్టుకుంది. పవిత్రకు యూనిఫాం కింద ఒక గౌను తొడిగింది. పిల్లకు సంగతి ముందు రోజే చెవిలో చెప్పింది. పిల్ల అడిగిందల్లా ఒక్కటే, "మరి తెలుగు పరీచ్చ రాసేది ఎట్లామ్మా?" అని. "ఆడ బడిలో రాద్దువులే," అని నోరు నొక్కింది. అప్పుడైనా తట్టలేదు ఆమెకు.

వాకిట్లో జయలక్ష్మమ్మ సంచిని అలవాటుగా ఎత్తింది. దించబోయింది. చెయ్యి ఆగింది. మళ్ళీ ఎత్తింది.

"ఏమే పవిత్రా, ఈ పొద్దు నుంచి పరీచ్చలు గదా. అట్ట, పెన్ను తప్ప ఏమీ తేవద్దన్నారంటివే. పుస్తకాలెందుకు మోస్తాండావు?"

మంజులత ఎన్నిరోజులుగానో మగ్గాన్నే చూసుకుంది. పడుగు ఎప్పుడు తరుగుతుందా, ఎప్పుడు ఎక్కిస్తారా అని లెక్కలు కట్టింది. ఆ ఇంట్లో పండగైనా, పబ్బమైనా, చావైనా మగ్గాన్ని బట్టే. బడికీ ఒక లెక్క ఉంటుందని, ఈ రోజు పిల్ల సంచి ఖాళీగా ఉండాలని, నాలుగో తరగతి చదివే పిల్లకు తెలిసిన సంగతి తనకు తోచలేదు.

"చదువుకుంటా పోతా అవ్వా," అంది పవిత్ర.

జయలక్ష్మమ్మ జిప్పు లాగింది. వాచకం పక్కకు తీసింది. చుట్టి కట్టిన గౌన్లు చూసింది. వాచకం మళ్ళీ పైన పెట్టి, జిప్పు మూసి, కోడలి ముఖంలోకి, ఒంటి మీద ఉబ్బిన చీరల వైపు చూసింది. లోపల్నుంచి శివప్రసాద్ దగ్గు వినబడింది.

"కేకెయ్యొద్దత్తా," అంది మంజులత గొంతు తగ్గించి. "నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒకదాన్ని నిలబెట్టినా ఈడనే," అంది జయలక్ష్మమ్మ. ఆమె గొంతు కూడా కిందికే ఉంది. "నా చేతుల్తో ఇంగో పీనుగుకు పసుపు పుయ్యలేను. నువ్వు పో. వాడు పొద్దు వాలేదాకా లెయ్యడు. నేనేమీ చూడలేదు." అంటూ సంచిని తీసి కోడలి భుజానికి తగిలించి, రెండో చేత్తో పిల్ల రెక్క పట్టుకుంది. "ఇది మాత్రం ఈడనే ఉంటాది. ఇది ఈ ఇంటి బిడ్డ. నీ కడుపున పుట్టినదా?"

"దాన్ని కొట్టినాడు గదత్తా. ఇంగా కొడతాడు."

"నేనుండా గదా."

"సంగీతక్కకు కూడా నువ్వే ఉంటివి!"

ఆ మాటకు ముసలామె ముఖం పాలిపోయింది. కానీ పట్టు వదల్లేదు, ఇంకా బిగించింది. "పోతావా, పిలవనా?" అంది.

మంజులత పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది. లాక్కుని పరిగెత్తవచ్చు. ముసలామె ఒక్క కేక వేస్తే వీధి మొదలు దాటకముందే పట్టుకుంటాడు. అప్పుడు స్టవ్వు ఒకసారి కాదు, రెండుసార్లు పేలుతుంది. పోకుండా ఉండిపోతే? అత్త ఈ రోజు నోరు మూసుకున్నా, ఏదో ఒకనాడు కొడుకు చెవిన వేయక మానదు. పోతే పిల్ల లేదు. ఎటు చూసినా దారి కనబడలేదు. దేవుణ్ణి తిట్టుకుంది, అన్నను తిట్టుకుంది, అందరికంటే ఎక్కువగా తన తెలివిని తిట్టుకుంది.

"అమ్మా! యాడికి పోయినావు? పోగులు అందీయాల!" అని లోపల్నుంచి అరిచాడు శివప్రసాద్. గుంత చెక్క కిర్రుమంది. లేస్తున్నాడు.

"నేను వస్తాండా నాయనా! నేను అందిస్తా!" అంది పవిత్ర గట్టిగా.

తల్లి చేతిలోంచి చెయ్యి లాక్కుంది. అవ్వ చేతిలోంచి కూడా లాక్కుంది. చంకలోని పరీక్ష అట్టను అరుగు మీద పెట్టి, యూనిఫాం మీదే లోపలికి పరిగెత్తింది. లోపల చెక్క మళ్ళీ కిర్రుమంది, కూర్చున్నాడు. "నీకు చాతనవుతాదా?" అన్నాడు. "అవుతాది నాయనా," అన్న పిల్ల గొంతు మంజులతకు స్పష్టంగా వినబడింది. ఆమె అంతసేపూ నిలబడే ఉంది. అత్త భుజం పట్టి నెడితే గానీ కాళ్ళు కదల్లేదు.

స్టేషన్‌కు ఎలా వచ్చిందో, రైలు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు. కిటికీ పక్కన కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఆడవాళ్ళ మధ్య ఇరుకుగా ఉందని ఎవరో సంచి కింద పెట్టుకోమన్నారు, పెట్టలేదు. పెనుకొండలో బండి ఆగితే అన్న కంటపడతానేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుంది. అవతలి పట్టాల మీద ధర్మవరం వైపు పోయే బండి నిలబడి ఉంది. దిగి అదెక్కితే పొద్దు వాలేలోపు ఇంట్లో ఉండవచ్చు. లేవబోయింది. సంచిని గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చుండిపోయింది. తనకు భయమేస్తోందని, పిల్ల మీద ప్రేమకంటే ఆ భయమే పెద్దదిగా ఉందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. బండి కదిలింది.

పెనుకొండ దాటాక టీసీ వచ్చాడు. ఆమె జాకెట్లో దోపుకున్న టికెట్లు తీసి ఇచ్చింది. ఆయన ఒకటి చూసి, రెండోది చూసి, ఆమె పక్కన చూశాడు.

"ఒక ఫుల్లు, ఒక హాఫు. ఈ హాఫ్ టికెట్ ఎవరికమ్మా?"

మంజులత తెల్లబోయింది. కౌంటర్ దగ్గర ఏమని అడగాలో ముందే పదిసార్లు మనసులో అనుకుని పెట్టుకున్న మాట. నోరు తనంతట తనే అనేసింది కాబోలు.

"పాపకు సార్."

"యాడ పాప? పాయఖానాకు పోయిందా?"

ఎదుటి సీటులో ఆడమనిషి వంగి సీటు కింద కూడా చూసింది. టీసీ చేతిలో టికెట్ పట్టుకుని జవాబు కోసం నిలబడ్డాడు.

"వదిలిపెట్టొచ్చినా సార్," అంది మంజులత. అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు.