మూడోసారి అడగని ఫోను

మా ఊళ్లో ఎవరైనా కాఫీ తాగుతారా అని అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి కూడా అడిగితే, కాచి ఉంటే అరకప్పు చాలు అనాలి. మొదటిసారే చెయ్యి చాపినవాణ్ని పైఊరివాడు అనుకుంటారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం పడమటి కొసన మేమందరం ఇంతే. మా కోచ్ ఆర్లెన్ ట్వీట్ గారు మరీను. వాళ్లింటికి నిప్పంటుకుంటే ఫైరింజన్‌వాళ్లతో కూడా, "అబ్బే, మీరు భోజనం చేసే రండి" అంటారని ఊళ్లో చెప్పుకుంటారు.

నార్డ్‌బీ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో నాకు అది ఆఖరి సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. వేసవిలో డిగ్రీ చేతికొస్తుంది, బంతి చేతిలోంచి పోతుంది. జాతీయ టోర్నమెంటుకు పిలుపొస్తే ఇంకొక్క ఆటైనా ఆడతాను. రాకపోతే అంతే సంగతులు.

ఆ ఏడాది మేం ఓడినవి నాలుగే. నాలుగోది మాత్రం మా కాన్ఫరెన్స్ ఫైనల్, అదీ ఒక్క పాయింటుతో. మాది చిన్న కాలేజీల కూటమి. అందులో గెలిచిన ఒక్క జట్టుకే జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు. మిగతావాళ్లది జట్లను ఎంచే కమిటీ దయ.

కమిటీ జట్లను ప్రకటించే ఆదివారం చర్చి కింది హాల్లో టీవీ ముందు చేరాం. మా అమ్మ బెర్నీస్ ఖర్జూరపు కేకు చేసి తెచ్చింది. టీవీ చానెల్ నుంచి ఒకతను కెమెరా పట్టుకుని వచ్చాడు.

"కెమెరా పంపారంటే మనల్ని తీసుకున్నట్టే కదే, మారిట్?" అంది అమ్మ నా చెవిలో.

అతను విన్నాడు. "ఏం లేదండీ. మీరు ఎగిరినా బాగుంటుంది, ఏడ్చినా బాగుంటుంది," అన్నాడు.

ఒక్కో పేరూ వచ్చింది. మాది రాలేదు. మిగిలిన ఆఖరి చోటు పద్నాలుగు ఆటలు ఓడిన ఒక పెద్ద యూనివర్సిటీకి ఇచ్చారు. వాళ్ల కూటమిలోంచి అప్పటికే ఏడు జట్లున్నాయి. కమిటీ పెద్దాయన టీవీలో నవ్వుతూ, "వాళ్లు బలమైన జట్లతో ఆడారు," అన్నాడు.

"ఆడి ఏం చేశారు?" అంది అమ్మ.

"ఓడిపోయారమ్మా."

"మరి మనం?"

"మనం గెలిచినవాళ్లు చిన్నవాళ్లట."

"అంటే పెద్దింట్లో తిన్న తన్నులు మనింటి భోజనం కన్నా గొప్పవన్నమాట!"

కోచ్ గారు లేచి నిలబడ్డారు. "పెద్ద జట్లు మన ఊరొచ్చి ఆడవు. ఆడలేదేమని మళ్లీ మనల్నే అడుగుతారు. సరేలెండి పిల్లలూ, వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి," అన్నారు. ఆయన నోట అంత కోపం మేమెప్పుడూ వినలేదు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. పెద్ద టోర్నమెంటులో చోటు దక్కని జట్లకు ఇంకో టోర్నమెంటు ఉంటుంది. ఫోను చేసింది దాన్ని నడిపే ఆవిడ. కోచ్ గారికి చెవుడు, ఫోను బాగా గట్టిగా పెట్టుకుంటారు కాబట్టి ఆవిడ మాటలు హాలంతా వినిపించాయి.

"మా టోర్నమెంటుకు వస్తారా?"

"అబ్బే, మీకెందుకండీ శ్రమ. మాకంటే మంచి జట్లు బోలెడున్నాయి కదా," అన్నారాయన, ముఖం వెలిగిపోతూ.

"ఓ, అలాగా! సరేనండీ, ఉంటాను." పెట్టేసింది.

కోచ్ గారు ఫోను బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. హాలంతా ఫోనుకేసే చూస్తోంది. రెండోసారి అడగాలి కదా మరి.

నాకు ఏదో తట్టింది. "కోచ్, కిందటి వేసవిలో పెద్ద జట్లేవీ ఆడదాం అనలేదా?"

"ఒకరన్నారమ్మా. వాళ్ల ఊరొచ్చి ఆడమన్నారు. మీకు ఇబ్బందేమో అన్నాను. మళ్లీ ఫోను చేస్తారనుకున్నాను." బల్లమీది ఫోనును కాస్త దగ్గరికి జరుపుకున్నారు. "మర్యాదస్తుల్లాగే మాట్లాడారు."

ఆ ఒక్క ఆట ఆడి ఓడినా మాకు బలమైన జట్టుతో ఆడారన్న పేరుండేది.

నేను బల్లమీది ఫోను తీసుకుని అదే నంబరుకు కలిపాను.

"ఏమే, వాళ్లు మళ్లీ అడక్కుండానే!" అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"నార్డ్‌బీ నుంచండీ," అన్నాను. "మేం వస్తాం."

"మరి మీ కోచ్ వద్దన్నారే?"

"ఆయన వద్దనలేదండీ. ఒకసారే అన్నారు."

ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు కానీ, "బుధవారం రండి. మీ అదృష్టం, ఇంకో జట్టుకు ఇప్పుడే ఫోను చేయబోతున్నాను," అంది.

అమ్మాయిలు గాల్లోకి ఎగిరారు. కెమెరా అతను అప్పటికే సామాను సర్దేశాడు. "కాస్త మళ్లీ ఎగురుతారా?" అని బతిమాలాడు.

"వద్దులెండి, మీకెందుకు శ్రమ," అన్నారు కోచ్ గారు.

నాకు ఆకలేసింది. పళ్లెంలో కేకు ఒక్క ముక్కే మిగిలింది. మా ఊళ్లో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. సగం కోసుకుంటారు, ఆ సగంలో మళ్లీ సగం, చివరికి చీమకు చాలేంత మిగులుతుంది. అప్పటికి ముగ్గురు కోసేశారు.

మిగిలింది మొత్తం నోట్లో వేసుకున్నాను.

"మారిట్!" అంది అమ్మ, చర్చి అంతా వినిపించేలా.