మర్డో పేరుతో గెలిచిన మొక్క

ఇష్‌బెల్ ఆబర్‌ఫెల్డీ అనే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచింది. ఆమె ప్రాణమంతా పెరట్లో రాళ్ళ మధ్య పెంచే సాక్సిఫ్రేజ్‌ల మీదే. కొండల మొక్కలవి. అరచేతిలో ఇమిడిపోతాయి, మంచు కప్పేసినా పచ్చగానే ఉంటాయి. సన్నటి కుంచెతో ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకి అద్ది, తొమ్మిదేళ్ళు కష్టపడి, రాగి రంగు పూలు పూసే కొత్త మొక్కని సాధించింది. ఇంకా పేరు పెట్టలేదు.

"నా మొక్కకేమన్నా అయితే నీ దగ్గరైనా ఉంటుంది. ఎవరికీ ఇవ్వకు," అంటూ ఒక పిలక మర్డోకి ఇచ్చింది. పక్క వీధిలో ఉండే రిటైరైన మాస్టారతను. ఇరవై ఏళ్ళుగా పూల ప్రదర్శనలకి ఇద్దరూ అతని కారులోనే వెళ్ళేవాళ్ళు.

రెండేళ్ళ తర్వాత చలికాలమంతా వానలే. ఇష్‌బెల్ మొక్క వేరు కుళ్ళి నల్లబడింది. 'మర్డో దగ్గరుందిలే' అనుకుని గుండె చిక్కబట్టుకుంది.

ఏప్రిల్ ప్రదర్శనకి నడుం నొప్పని మర్డో రానన్నాడు. ఆమె ఒక్కతే బస్సులో వెళ్ళింది. హాల్లో మొదటి బహుమతి బల్ల మీద రాగి రంగు పూలు! ముందున్న చీటీలో 'ఎల్స్‌పెత్: మర్డో గెడ్డీస్ సృష్టించిన కొత్త రకం' అని ఉంది. ఎల్స్‌పెత్ అతని మనవరాలు. పక్కనే టీ తాగుతూ మర్డో నవ్వుతున్నాడు.

"నడుం తగ్గిందా మర్డో?"

మర్డో కప్పు కింద పెట్టేశాడు. "బయటికి పద, చెప్తాను."

"ఇక్కడే చెప్పు."

"నువ్వు పేరు పెట్టవు, పదిమందికీ చూపించవు. నీతోనే పోయేది. నేను బతికించాను."

"బతికించమనే ఇచ్చాను. నీదని చెప్పుకోమని కాదు."

ఆ మాటలు విని నిర్వాహకురాలు వచ్చి, రుజువుందా అని ఇష్‌బెల్‌ని మెల్లగా అడిగింది. తల్లి మొక్క చచ్చిపోయింది, కాగితం మీద రాసిపెట్టుకున్నదీ లేదు. ఇష్‌బెల్ తల అడ్డంగా ఊపింది. తర్వాత మర్డో వైపు తిరిగి అడిగింది.

"ఒక పిలక ఇవ్వు."

"దానికేం, రెండు తీసుకో!" అన్నాడు, పెద్ద గండం గడిచినట్టు. దొంగతనం కంటే ఆ ఔదార్యమే ఆమెని ఎక్కువ కోసింది.

జూన్‌లో ఇష్‌బెల్ గుమ్మం ముందు తడి నాచులో చుట్టి మర్డో పెట్టి వెళ్ళిన పిలక కనిపించింది, 'ఎల్స్‌పెత్' అని రాసిన చీటీతో సహా. చీటీని పొయ్యిలో పడేసి మొక్కని నాటింది. మర్డోతో మళ్ళీ మాట్లాడలేదు.

మూడో వసంతంలో అది పూసింది. గోడ మీదుగా ఎవరో ఆవిడ తొంగిచూసింది.

"ఎల్స్‌పెత్ కదండీ? మా ఇంట్లోనూ ఉంది."

ఇష్‌బెల్ కాదనబోయి ఆగింది.

"అదేనట," అంది.