సోలెడు నూకల పిల్ల

వీరవేణికి మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపు పండేసరికి పెద్దవాళ్ళంతా ఒకటే మాట, ఈ పిల్లని అమ్మేయమని. అమ్మడమంటే నిజంగా కాదు లెండి. పుట్టగానే చాటలో పడుకోబెట్టి, సోలెడు నూకలు పుచ్చుకుని ఆడపడుచు నాగదుర్గ చేతిలో పెట్టడం. పెంచేది కన్నతల్లే. కానీ పిల్ల నాగదుర్గని అమ్మా అనాలి, కన్నతల్లిని అత్తా అనాలి. మృత్యువుకి అడ్రసు దొరక్కూడదు కదా.

ఎవరైనా అంతవరకే చేస్తారు. వీరవేణి భయంకొద్దీ ఇంకో అడుగు ముందుకేసి, నర్సింగ్ హోంలో తన పేరుకి బదులు నాగదుర్గ పేరూ, తన మొగుడి పేరుకి బదులు నాగదుర్గ మొగుడు చంద్రరావు పేరూ చెప్పి చేరింది. అతితెలివి అనండి, ఇంకేమైనా అనండి. పిల్ల మాత్రం దక్కింది.

ఏడేళ్ళు గడిచాయి. మస్కట్‌లో ఉన్న మొగుడు రాజేంద్ర ఇద్దరికీ వీసా తీస్తానన్నాడు. మూడేళ్ళుగా మొగుడి మొహం ఫోన్లోనే చూస్తున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? పిల్ల దుర్గాసాయికి పాస్‌పోర్టు ఒక్కటే తక్కువ. ధవళేశ్వరంలో బస్సెక్కిన దగ్గర్నుంచి రాజమండ్రిలో దిగేదాకా పిల్లకి చెబుతూనే ఉంది.

"ఆఫీసులో అడిగితే నన్ను అమ్మా అనాలి. తెలిసిందా?"

దుర్గాసాయి కిటికీలోంచి చూస్తూ తలూపింది.

పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో ఆయన బర్త్ సర్టిఫికెట్ చూసి తలెత్తాడు. "నాగదుర్గ మీరేనాండి?"

"కాదండి, మా వదినగారు. కన్నది నేనండి."

నూకల కథంతా చెప్పుకొచ్చింది. ఆయన నవ్వలేదు, అదే పదివేలు.

"కాగితంలో ఉన్న అమ్మానాన్నలే సంతకం పెట్టాలమ్మా."

"వాళ్ళు పెడతారండి. కానీ పాస్‌పోర్టులో వాళ్ళ పేర్లు పడితే మా ఆయన వీసా మీద పిల్ల రావడానికి కుదరదంటండి."

"అయితే ముందు సర్టిఫికెట్ మార్పించుకోవాలి. కోర్టుకెళ్ళాలి. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తను తవ్వుకున్నవే. వీరవేణి పిల్లని కౌంటరు ముందుకు జరిపింది.

"పోనీ పిల్లనే అడగండి సార్. అది అబద్ధం చెప్పదండి."

అడిగినా లాభం లేదని ఆయనకి తెలుసు. అయినా ముందుకు వంగాడు. "ఈవిడ నీకేమవుతారమ్మా?"

దుర్గాసాయి నోరు తెరిచింది. అంతలోనే చేత్తో మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"చెప్పమ్మా, చెప్పు" అంటూ వీరవేణి దాని పక్కన కూలబడింది.

పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులేసి, చెవిలో అంది.

"అలా పిలిస్తే నేను చచ్చిపోతానని నువ్వే చెప్పావు కదా అత్తా."