చెట్టు చాటున బోర్డు

బ్రోకరు బోర్డు తెచ్చి గేటుకి ఆనించాడు. "కాస్త మీరే కట్టేసుకోండి మేడం, నాకింకో ఇంటి దగ్గర పనుంది" అని బండెక్కి పోయాడు. ఇల్లు అమ్మకానికి కలదు, ఆదివారం ఉదయం వచ్చి చూడవచ్చు, అని పెద్ద పెద్ద అక్షరాలు. చూడవచ్చట! ఇన్నేళ్ళలో మా గడప తొక్కినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు దారినపోయే ప్రతివాడూ వచ్చి నా వంటింటి అలమారాలు తీసి చూస్తాడు.

అమ్మాలన్నది నా ఆలోచన కాదు, చెల్లెలిది. నాన్న ఈ ఇల్లు మా ఇద్దరి పేరా రాసి పోయాడు. ఇద్దరం పెళ్ళి ఊసెత్తకుండా, పొద్దున తిట్టుకుని సాయంత్రానికి కలిసిపోతూ హాయిగా ఉన్నాం. తీరా నలభై ఆరేళ్ళు వచ్చాక ఈ మహాతల్లి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, పళ్ళ డాక్టరుకి మనసిచ్చి వచ్చింది. దగ్గరుండి నేనే పెళ్ళి చేశాను. ఆయన మంచివాడు. నా ఏడుపూ అదే, తిట్టుకుందామన్నా ఒక్క వంకా దొరకదు.

కాపురం కుదురుకున్నాక ఫోన్ చేసింది. "అమ్మేద్దామక్కా. అంత ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు? మేం క్లినిక్కు పెద్దది చేసుకుంటాం, నువ్వో చిన్న ఫ్లాటు చూసుకో."

సరేనన్నాను. క్లాసు మొత్తాన్ని కంటిచూపుతో కూర్చోబెట్టే లెక్కల టీచరుని, దాని దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. నేను వద్దంటే దాని సుఖానికి అడ్డుపడినట్టుంటుంది. వద్దన్న మాట దాని నోటి నుంచే రావాలి.

అందుకని బోర్డుని కాగితంపూల కొమ్మల వెనక, వంకరగా, వదులు తీగతో కట్టాను. పిల్లలు తప్పు చేసిన లెక్కని చేత్తో కప్పుకుంటారే, అలాగ. ఆదివారం సాయానికి వస్తానంది కదా, మన గేటుకి అమ్మకం బోర్డు కళ్ళారా చూస్తే దానికీ నాలాగే మనసొప్పదని, 'తీసెయ్యక్కా' అంటుందని నా ఆశ. ఆ ఒక్క మాట కోసం ఆదివారం తెల్లవారుతూనే లేచి ఇల్లు అద్దంలా తుడిచాను. వచ్చేవాళ్ళకి నచ్చాలని కాదు, దానికి మళ్ళీ నచ్చాలని.

ఎండెక్కినా ఎవరూ రాలేదు. బండి మీద ఓ జంట వీధి చివరిదాకా వెతుక్కుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి, బోర్డు కనబడక మళ్ళీ ముందుకే పోయారు. నాకు లోలోపల సంతోషమే.

అప్పుడొచ్చింది చెల్లెలు. కొమ్మలు పక్కకి తప్పించి, బోర్డు మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"అక్కా! పట్టకారు ఎక్కడుంది?"

పరుగున తెచ్చి ఇచ్చాను. నా చెల్లెలు నా చెల్లెలే అనుకున్నాను. తీగ మెలి విప్పింది, బోర్డు ఊడదీసింది, గేటు అవతలి వైపుకి మోసుకెళ్ళి రోడ్డుకి ఎదురుగా పెట్టింది.

"చెట్టు చాటున కడితే ఎవరికి కనిపిస్తుందక్కా? పేరుకే టీచరువి, ఒక్క పనీ తిన్నగా చేతకాదు నీకు. ఏదీ, కాస్త ఎత్తి పట్టుకో."

ఎత్తి పట్టుకున్నాను. అది తీగ బిగించి కట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఎండ మీద నెపం పెట్టాను.

బోర్డు కనిపించడమే తడవు, ఇంకా వీధిలోనే వెతుక్కుంటున్న ఇందాకటి జంట బండి ఆపారు. చెల్లెలు "రండి, రండి" అని లోపలికి తీసుకెళ్ళి చూపించడం మొదలుపెట్టింది. గాలి ఎటునుంచి వస్తుందో, కుళాయి ఎప్పుడు వస్తుందో గడగడా చెప్పింది. ఆ అమ్మాయికి ఇల్లు బాగా నచ్చింది, మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఇందులో ఎవరైనా ఉంటున్నారాండీ? ఖాళీ చెయ్యడానికి టైం పడుతుందేమో?"

"అబ్బే, ఎవరూ లేరండీ" అంది చెల్లెలు. "మా అక్క ఒక్కతే."

నేనక్కడే, తలుపు పక్కన, చేతిలో పట్టకారుతో నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసి మొహమాటంగా నవ్వింది. నేనూ నవ్వాను.

"ఆ పక్క గది కూడా చూడండమ్మా, వెలుతురు బాగుంటుంది" అన్నాను.