నాలుగు వేట్ల తర్వాత

అన్నవరం దారిలో ఉన్న, కూరలు టిన్నుల్లో నింపే ఫ్యాక్టరీలో పనసపొట్టు కొట్టడమంటే సంపూర్ణమ్మే కొట్టాలి. పందొమ్మిదేళ్లుగా ఆమె కత్తి కింద లేత పనసకాయ కొబ్బరికోరులా రాలుతోంది. యజమాని శ్రీనివాసరాజు గారు వచ్చినవాళ్లందరికీ ఆమె పనితనం చూపించేవారు, చూపిస్తూనే విసుక్కునేవారు. నాలుగు వేట్లు వేసి ఆమె ఆగుతుంది. పక్కనున్న నూనెగుడ్డకు కత్తిని ఒకసారి రాసి మళ్లీ మొదలుపెడుతుంది. మిగతావాళ్లు ఏకబిగిన కొడుతుంటే ఈవిడకేంటీ సోకు అని ఆయన గొడవ. చేతికి అలవాటైపోయిందండి అంటూ తప్పు చేసినదానిలా నవ్వేది సంపూర్ణమ్మ.

అలాంటి చోటికి మిషను వచ్చింది. దాన్ని తయారుచేసింది నిడదవోలు అమ్మాయి, ఇంజినీరు మంజుష. అంతకుముందు రెండు నెలలు సంపూర్ణమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఆమె చేతుల్ని ఫోనులో వీడియోలు తీసుకుంది. ఎందుకమ్మా అంటే నేర్చుకుంటున్నానండి అంది. తీరా చూస్తే ఎనిమిది మంది ఆడవాళ్ల పని ఆ ఇనుప పెట్టె ఒక్కటే చేసేస్తుందట! మొదటి రెండుసార్లూ పనసజిగురు పట్టి బ్లేడు బిగుసుకుపోయింది. దాన్ని బాగుచేసి తెచ్చింది మంజుష. ఈసారీ బిగుసుకుంటే మిషను తీయించేస్తానని రాజుగారు తేల్చి చెప్పారు. ఆదివారం చర్చిలో సంపూర్ణమ్మ మోకాళ్ల మీద కూర్చుని, అది బిగుసుకుపోవాలని ప్రభువును వేడుకుంది. సిగ్గుపడుతూనే అడిగింది గానీ, గట్టిగానే అడిగింది.

సోమవారం పొద్దున్న మంజుష స్విచ్ వేసింది. చెక్కు తీసిన కాయ లోపలికి జారింది. బ్లేడు నాలుగు వేట్లు వేసి ఆగింది. నూనెలో తడిసిన గుడ్డ వచ్చి దాన్ని తుడిచి వెళ్లింది. మళ్లీ నాలుగు.

"మధ్యలో ఈ ఆగడం ఏంటమ్మా? టైము దండగ కదా," అన్నారు రాజుగారు.

"సంపూర్ణమ్మ గారు ఆగుతారండి. మిగతావాళ్లు గంటకోసారి కత్తికి జిగురు గీక్కుంటారు. ఆవిడ గీకడం నేనెప్పుడూ చూళ్లేదు," అంది మంజుష.

సంపూర్ణమ్మ మిషను దగ్గరికి జరిగింది. కాయ గట్టిగా ఉన్నచోట తన మణికట్టు ఎలా వాలుతుందో, ఆ బ్లేడూ అలాగే వాలుతోంది. అవతల పొట్టు తెల్లగా గుట్టపడుతోంది. తన చేతిలో ఇంత విద్య ఉందని ఆమెకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. గుండెల్లో ఉన్న భయం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లార్పకుండా చూస్తూ నిలబడిపోయింది.

ఇంతలో చప్పుడు మారింది. వేటు పడ్డాక బ్లేడు పైకి లేవడానికి ఒక్క పిసరు ఆలస్యమవుతోంది. అది ఆమె చెవికి తప్ప ఎవరికీ అందలేదు. గుడ్డలో నూనె ఆరిపోయింది. ఇంకో రెండు కాయలు పడితే చాలు, బ్లేడు బిగుసుకుంటుంది. తను నోరు మూసుకుంటే చాలు, ప్రార్థన ఫలిస్తుంది.

"గుడ్డ ఆరిపోయిందమ్మా. కాసేపు ఆపు," అంది సంపూర్ణమ్మ.

వెనక నిలబడ్డ ఏడుగురు ఆడవాళ్లూ ఆమె వంక చూశారు. ఆమె వెనక్కి తిరగలేదు. మంజుష స్విచ్ ఆపగానే తన నూనెగిన్నె పట్టుకెళ్లి తనే గుడ్డ తడిపి, ఇవతలికి వచ్చి నిలబడింది.

మిషను మళ్లీ కదిలింది. ఖాళీగా ఉన్న ఆమె కుడిచెయ్యి చీరకుచ్చెళ్ల మీద నాలుగు వేట్లు వేసి, ఆగింది.