‘మూడో గంట’ గోడపత్రిక

సుకుమార్ తెచ్చిన కాగితంలో ఉన్నది అర పేజీయే. సంతకం కోసం కింద చుక్కల గీత కూడా వేయించుకుని వచ్చాడు.

“మీరేమీ రాయక్కర్లేదండి సత్యకుమారిగారూ. అంతా నేనే రాసి డీటీపీ చేయించేశాను. ఒక్క సంతకం పెట్టి, పాత ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వండి. సోమవారం ప్రెస్సుకి పంపించేస్తాను.”

సత్యకుమారి అప్పటిదాకా ధవళేశ్వరం ఇరిగేషన్ క్వార్టర్సులో తన వంటింటి గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా పోయేదాకా తుడుచుకుని, అప్పుడు కాగితం అందుకుంది.

కరుణాపురం క్రైస్తవ కళాశాలకు యాభై ఏళ్ళు నిండాయి. ఈ ఏడాదే డీమ్డ్ యూనివర్సిటీ కూడా అయింది. వచ్చే ఆదివారం నుంచి మూడు రోజులు స్వర్ణోత్సవాలు, ఆఖరి రోజు సావనీరు విడుదల. సుకుమార్ ఇప్పుడు అక్కడే లెక్చరరు, సావనీరు బాధ్యత అతనిదే. పదకొండేళ్ళ కిందట సత్యకుమారితో కలిసి అదే కాలేజీలో గోడపత్రిక నడిపిన ఆరుగురిలో అతనూ ఒకడు.

ఆమె పేరుతో అతను రాసుకొచ్చింది ఇదీ: మా రోజుల్లో విద్యార్థులు ‘మూడో గంట’ అనే గోడపత్రిక నడిపేవారు. ప్రిన్సిపాల్ అయ్యగారి ప్రోత్సాహంతో సాగిన ఆ పత్రికలో అనుభవలేమి వల్ల ఒకసారి నిజం కాని వార్త వచ్చింది. పొరపాటు గ్రహించిన విద్యార్థులు స్వచ్ఛందంగా పత్రికను నిలిపివేశారు.

“ప్రోత్సాహమా?” అంది సత్యకుమారి.

“అంటే, మొదట్లో ఆపలేదు కదండీ.”

“మొదట్లో ఆయనకి తెలీదు.”

సుకుమార్ నవ్వాడు. “మీరేం మారలేదండి. అప్పుడూ ఇంతే, ఒక్క మాట దగ్గర గంట కూర్చోబెట్టేవారు.”

“నిజం కాని వార్త అని ఎవరన్నారు?”

“మీరేనండి. నేనూ అన్నాను. ఫైల్లో మన ఐదుగురి సంతకాలూ ఉన్నాయి.” ఆ మాట అతను బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు.

“మనం ఆరుగురం.”

“ఆశీర్వాదం సంగతి వేరండి,” అని సుకుమార్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “పాతవన్నీ ఇప్పుడెందుకు చెప్పండి. పత్రిక పేరైనా పుస్తకంలో ఉంటుందనే కదా నా తాపత్రయం.”

కాగితం ఉంచి వెళ్ళమని, రెండు రోజుల్లో ఫోను చేస్తానని ఆమె చెప్పింది.

*

కాలేజీలో ఆ రోజుల్లో రెండే గంటలు. ఏడున్నరకు కొట్టేది ప్రార్థనకు, తొమ్మిదికి కొట్టేది క్లాసులకు. విద్యార్థులు చెప్పుకోవలసినవాటికి గంట లేదు, అది మనమే కొట్టాలి అని ఆశీర్వాదం ఆ పేరు పెట్టాడు. నోటీసు బోర్డుకు అద్దమూ తాళమూ ఉండేవి. సైకిల్ స్టాండు వెనక గోడకు అవేమీ లేవు. పదిహేను రోజులకొకసారి తెల్లారగానే అక్కడ డ్రాయింగు షీటు అతికించేవారు. ఉన్నది ఒకే ప్రతి. ఆరుగురిలోనూ చేతిరాత బాగున్నది సత్యకుమారిదే కాబట్టి షీటంతా ఆమే రాసేది.

ఆశీర్వాదానికి ఒక నియమం ఉండేది. ఏ వార్తనైనా కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరుండాలి. మెస్సు ఉప్మాలో పురుగులు వచ్చాయంటే, ఆ ప్లేటు చూసిన ఇద్దరి పేర్లు తన నోటుబుక్కులో రాసుకునేవాడు. సుకుమార్ ఎంతో సరదాపడి తెచ్చిన వార్తలు సగం ఒక్కడే చూశాడని పక్కన పడిపోయేవి. “నిన్ను నమ్ముతానురా, నీ వార్తని నమ్మను” అనేవాడు ఆశీర్వాదం. అలా పద్దెనిమిది సంచికలు వచ్చాయి. ఒక్క దాన్నీ తప్పని ఎవరూ అనలేకపోయారు. పైవాళ్ళకు అసలు కోపం అక్కడే.

పంతొమ్మిదో సంచికలో ఒకటే వార్త.

ఏటా డిసెంబరులో ఉజ్జీవ కూటాలని ఐదు రోజులు సభలు జరిగేవి. అప్పుడు ఆడపిల్లల హాస్టల్లో ఎవరూ ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే పిల్లలు సెలవడుగుతారని వార్డెనమ్మగారు ఆ ఐదు రోజులూ ఉత్తరాలు ఇచ్చేవారు కాదు. తెరిచి చదివి, మళ్ళీ అంటించి, సొరుగులో పెట్టేవారు. ఆ ఏడు సామర్లకోట నుంచి వచ్చిన రత్నమాణిక్యం అనే అమ్మాయికి బుధవారం ఇన్లాండు కవరు వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రికి బాగోలేదని, ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని తల్లి రాయించింది. ఆదివారం మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. సోమవారం పొద్దున వార్డెనమ్మగారు ఉత్తరాన్నీ టెలిగ్రామునూ ఒకే చేత్తో ఇచ్చారు.

ఆ వార్తకు మొదటి సాక్షి రత్నమాణిక్యం, రెండో సాక్షి సత్యకుమారి. ఆ వారం ఉత్తరాలు పంచే వంతు ఆమెది. వార్డెనమ్మగారి గదికి వెళ్ళినప్పుడు సగం తెరిచిన సొరుగులో దారంతో కట్టిన కట్ట చూసింది. పైన ఉన్న నీలం కవరు అంచున అంటించిన అన్నం మెతుకు ఎండిపోయి ఉంది. పోస్టాఫీసులో ఎవరూ అన్నంతో అంటించరు.

షీటు అంటించిన పూట, ప్రార్థన గంటలోపు ముప్ఫైమంది దాకా చదివారు. క్లాసుల గంటకల్లా వాచ్‌మన్ నీళ్ళు కొట్టి కొబ్బరి చీపురుతో గోకేశాడు. మధ్యాహ్నం ఆరుగురినీ ఆఫీసుకు పిలిచారు. బల్ల మీద వాళ్ళ ఆరు హాల్ టికెట్లూ వరుసగా పేర్చి ఉన్నాయి. పక్కన టైపు చేసిన కాగితం: ఈ వార్త అబద్ధం, ప్రచురించినందుకు విచారిస్తున్నాము.

ఆశీర్వాదం ఆ కాగితం మొత్తం చదివాడు. “నేను చూసి రాసింది కాదండి. చూసినవాళ్ళని అడిగి రాశాను. అబద్ధమని వాళ్ళనాలి,” అని సత్యకుమారి వైపు చూశాడు.

ఆమె తండ్రి ఏసుపాదం అదే మిషన్ వారి బడిలో పంతులు. ఆ రోజు తనకు తండ్రి గుర్తొచ్చిన మాట నిజమే. కానీ పరీక్షలు కూడా గుర్తొచ్చాయి, అదీ నిజమే. పెన్ను తీసుకుని, డ్రాయింగు షీటు మీద రాసినంత ముచ్చటైన అక్షరాలతో సంతకం పెట్టింది. రత్నమాణిక్యం అప్పటికే సామాను సర్దుకుని వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. ఆశీర్వాదం సంతకం పెట్టలేదు, పరీక్షా రాయలేదు.

*

“నీకెందుకే ఇప్పుడు?” అన్నాడు ఆమె భర్త సామ్యేలు, ఆ సాయంత్రం అంతా విని. “పెట్టకపోతే పెట్టకు, ఊరుకో. మా అక్క కూతురు అక్కడే హాస్టల్లో ఉంది.”

“అందుకేనండి,” అంది ఆమె.

మర్నాడు మండపేట బస్సెక్కింది. ఆశీర్వాదం అక్కడ రైసుమిల్లులో కాటా గుమస్తా. ధాన్యం ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉంటే, చిన్న గదిలో కూర్చుని తూకం చీటీలు రాస్తున్నాడు. జుట్టు ముందువైపు పల్చబడింది.

“ఏంటమ్మా సత్యా, ధాన్యం అమ్ముకోడానికొచ్చావా?”

ఆమె కాగితం ఇచ్చింది. అతను చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాడు.

“సుకుమార్ రాతేనా? కామాలు నేర్చుకున్నాడు. పర్లేదు.”

“నేను సంతకం పెట్టను. నీకు జరిగిందంతా రాసి వాళ్ళకిద్దామని…”

“నాకేం జరిగింది? నేను పెట్టలేదు, నన్ను పొమ్మన్నారు. నా లెక్కలో దిద్దడానికేం లేదమ్మా. ఇప్పుడు డిగ్రీ ఇస్తామన్నా ఎక్కడ తగిలించుకోను, ఈ కాటాకా?”

బయట ట్రాక్టరు డ్రైవరు కేకేశాడు. “గుమస్తాగారూ, చుట్టాలొస్తే మా బండి మాటేంటండి?”

“చుట్టాలు కాదయ్యా, నా పత్రిక వార్తకి సాక్షి. పదకొండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఓ పది నిమిషాలు నువ్వాగలేవా?”

సత్యకుమారి తల దించుకుంది. అతను చీటీ చింపి డ్రైవరుకిచ్చి వచ్చి, గొంతు తగ్గించాడు. “నీ మీద నాకు కోపమైతే ఎప్పుడో పోయింది. అది వేరే సంగతి. ఇప్పుడు పెట్టనంటున్నావు, మంచిదే. మరి పాతది? అది ఫైల్లో అలాగే ఉంటుంది కదా. రేపెవరైనా తీసి చూస్తే, వార్త అబద్ధమని చెప్పింది ఆ వార్త చూసిన మనిషే.”

ఆమె ఆ మాటకు బస్సులోనూ జవాబు వెతుక్కుంది. రావులపాలెం నుంచి వచ్చిన అరటిగెలల లారీ అడ్డంగా ఆగి బస్సు అరగంట కదలకపోతే, ఆ అరగంటలో దొరికింది.

ఇంటికి రాగానే సుకుమార్‌కి ఫోను చేసింది. “ఆ కాగితం మీద సంతకం చెయ్యనండి. దానికి బదులు మొదటి రోజు ఆరాధనలో సాక్ష్యం చెప్తాను. నా పేరు రాసుకుంటారా?”

“అంతకంటేనా అండి,” అన్నాడతను సంతోషంగా. “ఆడవాళ్ళ సాక్ష్యం ఒక్కటీ లేదేంటని బిషప్‌గారు నిన్ననే అడిగారు. కాలేజీ వల్ల పొందిన మేళ్ళు ఓ ఐదు నిమిషాలు చెప్పండి చాలు.”

ఉపన్యాసానికైతే కాగితం ముందే చూపించమంటారు. సాక్ష్యానికి అలా అడగరు. దేవుని ముందు మనిషి తన గురించి తాను చెప్పుకుంటుంటే మధ్యలో ఆపమనడం ఎవరూ చెయ్యరు. సాక్ష్యం మరీ సాగితే దానికి ఉన్నది ఒకటే మార్గం, కీర్తన ఎత్తుకోవడం. పాట మొదలైతే చెప్పేవాళ్ళు సిగ్గుపడి కిందికి దిగిపోతారు. పుట్టినప్పటి నుంచి గుడికి వెళ్తున్న సత్యకుమారికి ఈ సంగతి తెలుసు. సుకుమార్‌కీ తెలుసు, కానీ అతనికి ఆ క్షణాన తట్టలేదు.

*

ఆదివారం షామియానా కింద రెండువేలమంది. వేదిక మీద బిషప్‌గారు, పాత ప్రిన్సిపాలు అయ్యగారు, ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులు. పక్కన గాయక బృందం, కీబోర్డు దగ్గర దాని నాయకురాలు హెలెన్ టీచరు. సత్యకుమారి కాగితమేమీ లేకుండా మైకు దగ్గరికి వెళ్ళింది.

“అందరికీ వందనాలండి. ఈ కాలేజీ నాకు చదువిచ్చింది, రాయడం నేర్పింది. ఇక్కడే సైకిల్ స్టాండు గోడ మీద మేం ఆరుగురం ‘మూడో గంట’ అని పత్రిక నడిపేవాళ్ళం. దానికి ఎవరి అనుమతీ లేదు, ఎవరి ప్రోత్సాహమూ లేదు. తొంభైనాలుగు డిసెంబరులో అందులో ఒక వార్త రాశాం. హాస్టల్లో పిల్లల ఉత్తరాలు విప్పి చదివి, దాచేస్తున్నారని. ఆ దాచిన ఉత్తరాల్లో ఒకటి రత్నమాణిక్యం అనే అమ్మాయిదండి. వాళ్ళ నాన్నగారు…”

వేదిక మీద ఎవరో ఎవరి చెవిలోనో ఏదో అన్నారు. సుకుమార్ గబగబా గాయక బృందం దగ్గరికి నడిచాడు. కీబోర్డు మోగింది. అందరికీ వచ్చిన స్తుతి కీర్తన, జనమంతా అలవాటుగా లేచి నిలబడి అందుకున్నారు.

సత్యకుమారి దిగలేదు. చేతులు ముందు కట్టుకుని, మైకు వదలకుండా తనూ పాడింది. పల్లవి, నాలుగు చరణాలు, మళ్ళీ పల్లవి. మూడో చరణం దగ్గరకొచ్చేసరికి ముందు వరుసలో కొందరు పాడడం మానేసి ఆమెనే చూస్తున్నారు. పాట అయిపోయింది. జనం కూర్చున్నారు.

“నాదింకా అవలేదండి,” అంది ఆమె. “మధ్యలో ఆపాను. వాళ్ళ నాన్నగారు పోయాకే ఆ ఉత్తరం ఆ పిల్ల చేతికొచ్చింది. సొరుగులో ఆ కట్ట ఉండగా నేను చూశాను, నా కళ్ళతో. చూసి కూడా, అది అబద్ధమని ఈ కాలేజీ ఆఫీసులో సంతకం పెట్టాను. హాల్ టికెట్టు పోతుందని పెట్టాను. సంతకం పెట్టనన్న ఆశీర్వాదం చదువు పోయింది, అబద్ధానికి సంతకం పెట్టిన నేను బీఏ పాసయ్యాను. ఆ సంతకం ఈ రోజు అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వార్త నిజం. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఇదే నా సాక్ష్యం. ఆమెన్.”

ఆమెన్ అని వెనక వరుసల్లోంచి చాలామంది అన్నారు. అలవాటుగా అన్నవాళ్ళెందరో, తెలిసి అన్నవాళ్ళెందరో చెప్పడం కష్టం. సుకుమార్ మళ్ళీ చెయ్యి ఊపాడు. హెలెన్ టీచరు అతన్ని చూసి కూడా, పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. పాత ప్రిన్సిపాలు అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు.

భోజనాల వరుస దగ్గర సుకుమార్ ఆమెను పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

“ఎంత పని చేశారండి. బిషప్‌గారు నన్ను పిలిపించారు. మీ పేరు లేకుండా వేద్దామనుకున్న ఆ పేజీ కూడా, రేపు సావనీరు ప్రెస్సుకి వెళ్ళేలోపు తీసేయమన్నారు.”

“తీసెయ్యకండి. ఇప్పుడు నేను చెప్పింది వెయ్యండి.”

“అదెలా కుదురుతుందండి? కావాలంటే పత్రిక ఊసే లేకుండా చేస్తాం.”

“పత్రిక ఉండేది కదండీ. ఊసు లేకుండా ఎలా చేస్తారు? మీరూ అందులో ఉన్నారు. మీ సంతకం సంగతి మీరు చూసుకోండి, నేనడగను.”

సుకుమార్ చుట్టూ చూశాడు. సామ్యేలు రెండు ప్లేట్లు పట్టుకుని కాస్త దూరంలో నిలబడి ఉన్నాడు. తన మేనకోడలు ఏదో అడుగుతుంటే జవాబు చెప్పడం మరిచిపోయి ఇటే చూస్తున్నాడు.

“ఆఖరి రోజున కూడా సాక్ష్యాలున్నాయి కదండీ?” అంది సత్యకుమారి.

“ఉన్నాయి.”

“నా పేరు రాసుకోండి.”

“మళ్ళీనా? ఇంకేం చెప్తారండి?”

“అది సావనీరు చేతికొచ్చాక చూసి చెప్తాను,” అని ఆమె భర్త చేతిలోంచి తన ప్లేటు అందుకుంది.