ఎనిమిది రంధ్రాల పిల్లనగ్రోవి

రెల్లుతో పిల్లనగ్రోవులు చేసే ఆయన్ని అందరూ కొలబద్ద అనేవాళ్లు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య తాత పెట్టిన కొలత వెంట్రుకవాసి కూడా తప్పనిచ్చేవాడు కాదు. ఆదివారాలు చిన్న హాల్లో చెల్లెలు పాడితే ఈయన ఊదేవాడు. ఇరవై ఏళ్లుగా అన్నాచెల్లెళ్ల శ్రుతి ఒక్కటే.

ఆ ఏడు చెల్లెలి గొంతులో గడ్డ తీశారు. మాట తిరిగొచ్చింది కానీ, పాట మాత్రం కిందికి జారిపోయింది. పాత ఎత్తులో పాడబోతే గొంతు చీరుకుపోతోంది.

"ఇక నేను వినేదాన్నేలే అన్నయ్యా," అంది నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే వారం రోజులు ఆయనకి ముద్ద దిగలేదు.

"రెండు మెట్లు కిందనుంచి ఎత్తుకో. నేను అక్కడికే వస్తాను," అన్నాడు చివరికి.

ఎత్తుకుంది. చిక్కు అక్కడే వచ్చింది. అక్కడినుంచి మొదలుపెడితే పాటకి కావలసిన స్వరాల్లో రెండు పిల్లనగ్రోవిలో లేనేలేవు. రంధ్రాన్ని సగం మూసి ఊదితే నెమ్మది పాటకి ఎలాగో పలికాయి. వేగం అందుకునేసరికి వేళ్లు తడబడ్డాయి. చెల్లెలు మధ్యలో ఆపి, "పొయ్యి మీద పెట్టి వచ్చా," అంటూ లేచి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

పొడుగు రెల్లుతో చేసి చూశాడు. వేళ్లు అందలేదు. పాత కొలత రెల్లు మీదే, ముందువైపు ఆరు రంధ్రాల మధ్య కాల్చిన చువ్వతో ఇంకో రెండు పెట్టబోతే నిలువునా చీలింది. అలా మూడు రెల్లు పోయాయి.

కిటికీ పక్కన కూర్చుని గరుకు కాగితంతో గొట్టాలు నున్నచేస్తున్న నాన్న అంతా చూస్తూనే ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి.

"మా నాన్న కొలత నీకు చాల్లేదా?" అన్నాడు.

"నాకు చాలుతుంది నాన్నా. చెల్లికే చాలడం లేదు."

ముసలాయన మళ్లీ గరుకు కాగితం అందుకున్నాడు. రెండు రోజులయ్యాక తనే పిలిచాడు. "ఊదు చూద్దాం. నీ పై చేతి బొటనవేలు ఏం చేస్తోంది?"

"పట్టుకుంటోంది."

"పట్టుకోడానికి ఇంకో బొటనవేలు ఉందిగా. కింది చేతి చిటికెనవేలేమో గాల్లో షికారు చేస్తోంది. రెండింటినీ ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నావు."

కొలబద్ద ఓ కొత్త పిల్లనగ్రోవి తీసుకుని, ఇనుప చువ్వ కాల్చాడు. పై చేతి బొటనవేలికి వెనకవైపు ఒక రంధ్రం, కింది చేతి చిటికెనవేలికి కాస్త పక్కగా ఒకటి. చిన్నగా మొదలుపెట్టి, ఊదుతూ వింటూ వెడల్పు చేశాడు. మధ్యాహ్నానికి రెండు స్వరాలూ దొరికాయి.

సాయంత్రం చెల్లెలు వస్తే పాడమని అడగలేదు. ఊరికే ఊదాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి వింది. రెండో చరణానికి లోపలికొచ్చి కూర్చుని అందుకుంది. గొంతు ముతకగా ఉంది గానీ, నిలిచింది. ఒకచోట దగ్గొచ్చి ఆగింది. మంచినీళ్లు తాగింది.

"కొంచెం తొందరపడుతున్నావు అన్నయ్యా," అంది.

ఇరవై ఏళ్లుగా వింటున్న ఆ సణుగుడు వినేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. తల దించుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ఆ నెలాఖరు ఆదివారం హాల్లో ఆమె రెండు పాటలు పాడింది. మిగతా నాలుగు పాటలూ, కొత్త రంధ్రాలు రెండింటికీ మైనం పెట్టి, పాత శ్రుతిలో ఆయనొక్కడే ఊదాడు. ఇంటికొచ్చాక నాన్న, చిటికెనవేలి రంధ్రం ఇంకాస్త పెద్దది కావాలన్నాడు. ఊది చూస్తే నిజమే.